దాపట చక్రం

మా వదిన జయలక్ష్మికి కుడి ఎడమలు తెలియవు. ఆడపడుచుననే కక్షతో అంటున్నాననుకోకండి, ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. పెళ్ళయి మా తెనాలి ఇంటికి వచ్చిన రోజున మా అమ్మ గుమ్మంలో ఎర్రనీళ్ళు తిప్పి, "కుడికాలు ముందు పెట్టి రా అమ్మా" అంది. వదిన ఒక్క క్షణం ఆలోచించి, ఎంతో వినయంగా ఎడమకాలు పెట్టింది. పేరంటాళ్ళంతా గొల్లుమన్నారు. మా అమ్మ వెనక్కి పంపి మళ్ళీ రమ్మంది. వదిన ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆలోచించి మళ్ళీ ఎడమకాలే పెట్టింది. చివరికి మా అన్నయ్య ప్రకాశం వంగి, ఆ కుడికాలి మడమ పట్టుకుని గడప దాటించాడు. పెళ్ళికొడుకు ఇంటికి రాగానే పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నాడని వీధంతా చెప్పుకుని నవ్వారు.

అప్పటినుంచి మా ఇంట్లో అదొక వేడుక అయిపోయింది. "జయా, నీ కుడిచెయ్యి ఏది?" అని అన్నయ్య నలుగురిలో అడుగుతాడు. వదిన గాలిలో వేళ్ళు ఆడించి, అన్నం కలుపుతున్నట్టు చేసి, "ఇదిగో, ఇది" అంటుంది. మేమంతా పడీపడీ నవ్వుతాం. అన్నం కలిపే చెయ్యి కుడిచెయ్యి, అదీ ఆవిడ లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే ప్రతిసారీ అన్నం కలపాలి.

అలాగని మా వదిన నోట్లో నాలుక లేని మనిషనుకుంటే పప్పులో కాలేసినట్టే. తన గోంగూర పచ్చడి ముందు ఇంకెవరిదీ పచ్చడే కాదంటుంది. పట్టుపట్టిందంటే వదలదు. కుట్టుమిషను చెడితే రిపేరువాణ్ణి పిలవకుండా దాన్ని విప్పదీసి, రెండు రోజులు ఇంట్లో నడవడానికి చోటు లేకుండా చేసి, మూడోనాటికి బాగుచేసి, నెల రోజులపాటు ఆ సంగతి నాకు రేపల్లెకు ఫోన్ చేసి చెప్పిన మనిషి. నేను రేపల్లెలో ఉంటాను. స్టేషను దగ్గర నాకో ఫ్యాన్సీ కొట్టు ఉంది. గిరాకీ ఉన్న వేళే ఈవిడ ఫోన్ వస్తుంది.

అన్నయ్యకు తెనాలిలో విత్తనాల దుకాణం ఉండేది. కారేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఆదివారమైతే వదినను పక్కన కూర్చోబెట్టుకుని బాపట్లలో కూతురు భవ్య దగ్గరికో, రేపల్లెలో నా దగ్గరికో వచ్చేవాడు. ఇంతలో కంటిజబ్బు వచ్చింది. నీటికాసులంటారట. అది చూపును పక్కలనుంచి కొరుక్కుంటూ వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి కనపడతాడు, పక్కనుంచి వచ్చే సైకిలు కనపడదు. జీవితాంతం కంట్లో చుక్కలు వేసుకోవాలన్నారు, కారు మాత్రం ముట్టుకోవద్దన్నారు. దుకాణం మూసేశాడు. ఓసారి రైల్లో మా ఊరు వచ్చి, స్టేషను బయట పక్కనుంచి వచ్చిన సైకిలు గుద్దుకుని మోకాలు చీరుకుపోయేలా పడ్డాడు. ఆ తర్వాత ఇంట్లోంచి కదలడం మానేశాడు. హాల్లో కుర్చీ, పక్కన రేడియో, అంతే. ఆ ఇంట్లో మొగుడికి పక్కలు కనపడవు, పెళ్ళానికి పక్కలు తెలియవు. దేవుడికి కూడా ఏం తోచదో ఏమో అనిపించేది నాకు.

ఆషాఢంలో నేను వెళ్ళినప్పుడు అన్నయ్య తేల్చి చెప్పాడు.

"కారు అమ్మేస్తున్నా. చీరాలనుంచి ఒకాయన, బట్టల వ్యాపారం ఆయనది, దసరా వెళ్ళాక వచ్చి తీసుకెళతానన్నాడు."

"అమ్మొద్దండీ. నేను నడుపుతా" అంది వదిన, చిక్కుళ్ళు వలుస్తూ.

"నువ్వా?" అన్నాడు అన్నయ్య. "ఎటు తిప్పాలో తెలుసుకోడానికి స్టీరింగు వదిలేసి అన్నం కలుపుతావా?"

నేను నవ్వాను. నవ్వొచ్చే మాటే మరి. వదిన మాత్రం నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "కారు అమ్మేస్తే మీ అన్నయ్య ఇక గుమ్మం దిగడే వీణా. బస్సెక్కడు, రైలెక్కడు. ఆ కుర్చీలోనే అయిపోతాడు. నాకు భయంగా ఉందే" అంది. అంత గొప్పలు పోయే మనిషి భయమనే మాట అనడం నేను అదే మొదటిసారి వినడం. నేను చిక్కుళ్ళు తీసుకుని వలిచాను.

వదిన వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరింది. అక్కడ నేర్పేది జిలానీ. నలభై ఏళ్ళుంటాయి. కోపమంటే ఏమిటో తెలియని మనిషి. కారుకి ఎల్ బోర్డు కడుతుంటే, "జిలానీ, ఎల్ అంటే లెఫ్టా? ఇటువైపు కడుతున్నావు, గుర్తు కోసమా?" అని అడిగిందట. "కాదమ్మా, నేర్చుకుంటున్నారని. మిగతావాళ్ళు జాగ్రత్తపడతారు" అన్నాడట. జాగ్రత్తపడాల్సి వచ్చింది కూడా. "లెఫ్ట్ తీసుకోండమ్మా" అని అతను అనగానే వదిన ధీమాగా రైటుకి తిప్పింది. అక్కడ చెరకురసం బండి ఉంది. జిలానీ తన కాలి కింద ఉన్న బ్రేకు తొక్కబట్టి సరిపోయింది గాని, రసం బండివాడు చెరకుగడలు వదిలేసి కాలవగట్టు మీదికి దూకాడట. మర్నాడూ అదే వరస. ఆ మర్నాడు లెఫ్ట్ అనగానే కారు నడిరోడ్డు మీద ఆపేసి అన్నం కలిపింది. వెనక లారీవాడు దిగొచ్చి మరీ చూసి వెళ్ళాడట.

"కొన్నాళ్ళు రెస్టు తీసుకోండమ్మా. కంగారు తగ్గాక మొదలెడదాం" అన్నాడు జిలానీ. తోసిపుచ్చడం కూడా అంత మెత్తగా చేశాడు. ఆ వారమంతా నాకు తెనాలినుంచి ఫోన్ రాలేదు. గిరాకీ లేని వేళ కూడా రాలేదు. నాకు ఏదోలా అనిపించింది.

అప్పుడు వచ్చింది ఆ పెట్టె.

భవ్య బాపట్లలో ఒక ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు చిన్న రోబో కారు బిగించడం, దానికి ప్రోగ్రాం రాయడం నేర్పాలట. విడిభాగాలన్నీ పెట్టి ఒక పెట్టె, ఎలా బిగించాలో చెప్పే కాగితం ఒకటి. ఆ కాగితం చూసి మామూలు మనిషి బిగించుకోగలడో లేదో తేల్చుకోవడానికి పెట్టె తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"అంటే అందరికన్నా తెలివితక్కువదాన్ని నేనే దొరికానా?" అంది వదిన.

"అది కాదమ్మా. నీకు తెలియకపోతే తెలియదని చెబుతావు. మా పిల్లలు చెప్పరు, తలూపుతారు."

భవ్య వెళ్ళిపోయాక వదిన నాకు ఫోన్ చేసింది. గొంతు మారింది. "వీణా, బొమ్మకారుని తిప్పడం వస్తే పెద్దకారుని తిప్పడం రాదంటావా?" అంది. "వస్తుంది వదినా, ఎందుకు రాదు" అన్నాను, లోపల నమ్మకం లేకపోయినా.

పెట్టెలో ఒక ప్లాస్టిక్ పలక, రెండు పసుపుపచ్చ మోటార్లు, రెండు చక్రాలు, ముందు ఎటుపడితే అటు తిరిగే గుండు చక్రం, కంప్యూటరు బుర్ర అనదగ్గ చిన్న పచ్చబోర్డు, రంగురంగుల తీగలు, లెక్కలేనన్ని మరలు ఉన్నాయి. పలక మీద అట్టలాంటి గోధుమరంగు కాగితం అంటించి ఉంది. అది ఊడదీయాలని భవ్య ఇచ్చిన కాగితంలో లేదు. వదిన దాని మీదే అన్నీ బిగించేసి, తర్వాత ఓ మూల లేచి ఉంటే గోకి చూసింది. లోపల అద్దంలాంటి పలక! మళ్ళీ అన్నీ విప్పి, మామిడితాండ్ర పొర తీసినట్టు ఓపికగా ఊడదీసి, మళ్ళీ బిగించింది. భవ్యకు ఫోన్ చేసి, "మొదటి తప్పు నీ కాగితానిది. రాసుకో" అంది. అది చెప్పేటప్పుడు ఆ గొంతులో ఆనందం మీరు వినాల్సింది.

మరలు పోతాయని పోపులడబ్బాలో దాచింది. ఆవాల పక్కన చిన్నమరలు, మెంతుల పక్కన నట్లు. నేను వెళ్ళిన రోజు పప్పులో నా పంటికింద కటుక్కుమంది. చూస్తే ఇంత నట్టు. "అయ్యో, అది దొరక్కే నిన్నటినుంచి చక్రం ఊగుతోంది" అని నా చేతిలోంచి లాక్కుని కడిగి బిగించేసింది. నా పన్ను సంగతి ఎవరూ అడగలేదు.

ఓ తీగ తెగితే సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకి వెళ్ళింది గాని, టంకం వేయించుకురాలేదు. అక్కడే నిలబడి ఎలా వేస్తున్నారో చూసి, టంకం వేసే కడ్డీ కొనుక్కొచ్చి, ఇంట్లో తనే వేసుకుంది. వేలు కాలితే బర్నాలు రాసుకుని మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఆవిడ మాత్రం డైనింగు టేబులు ముందు కళ్ళజోడు పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, మర తిప్పుతూ ఉండేది. అంత శ్రద్ధ నేను చదువుకున్నవాళ్ళలో చూశాను, చదువుకోనివాళ్ళలో చూశాను, కానీ నవ్వులపాలవుతానని తెలిసి కూడా అంత శ్రద్ధగా కూర్చునేవాళ్ళను ఎక్కువగా చూడలేదు.

బిగింపు అయ్యాక బ్యాటరీలు పెట్టి నేల మీద వదిలింది. బండి ముందుకు పోకుండా గానుగెద్దులా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అన్నయ్య కుర్చీలోంచి, "నీ బండి కదూ, నీలాగే ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది" అన్నాడు. వీడియోలో చూసి భవ్య చెప్పింది: రెండు మోటార్లలో ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిరుగుతున్నాయి, ఏదో ఒకదానికి తీగలు అటుదిటు మార్చమంది. మార్చగానే బండి బుద్ధిగా తిన్నగా వెళ్ళి గోడకు కొట్టుకుంది. వదిన దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఫోనులో నాలుగు బాణం గుర్తులుంటాయి. ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి. వదిన ఎడమ నొక్కితే బండి కుడికి పోయేది. ఇంకెవరైనా అయితే బండిలో ఏదో తప్పుందని చూసేవారు. మా వదిన చూడలేదు. కుడి ఎడమల దగ్గర తప్పు జరిగితే అది తనదేనని ఇన్నేళ్ళుగా మేమంతా నేర్పిపెట్టాం కదా. "నేనే తప్పు నొక్కుతున్నా" అనుకుని, వారం రోజులు కుడి నొక్కబోయి ఎడమ, ఎడమ నొక్కబోయి కుడి నొక్కుకుంటూ, ఉన్న కాస్త తెలివినీ తికమక చేసుకుని, రోజూ కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యేదట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ వారం చివర నేను నిజాంపట్నం రొయ్యలు క్యారేజీలో పెట్టుకుని రేపల్లె పాసింజరు ఎక్కి వచ్చాను. వచ్చేసరికి వదిన ముఖం వాడిపోయి ఉంది. "ఏదీ, ఇలా ఇవ్వు" అని ఫోను తీసుకుని ఎడమ నొక్కాను. బండి కుడికి పోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కుడికే.

"వదినా, తప్పు నీది కాదు, బండిది."

"ఊరుకో వీణా. నా మీద జాలిపడి అనకు."

"నీ మీద నేనెప్పుడు జాలిపడ్డానే? కావాలంటే నువ్వే చూడు."

వదిన బండిని బోర్లించి చూసింది. బిగించేటప్పుడు దాని ముఖం తనవైపు పెట్టుకుని కూర్చుంది. దానివల్ల ఎడమ మోటారు తీగలు కుడివైపు దూర్చింది, కుడివి ఎడమవైపు. విప్పి మార్చింది. ఈసారి ఎడమ నొక్కితే ఎడమకే పోయింది. నాకు గర్వంగా అనిపించి, "చూశావా, తెలిసినవాళ్ళ చేతిలో పడితే ఎలా వింటుందో" అంటూ బండిని హాలు చివరిదాకా నడిపి, వెనక్కి తిప్పి నా వైపు తెచ్చుకుంటున్నాను. దారిలో కుర్చీ కాలు అడ్డొచ్చింది. తప్పించడానికి ఎడమ నొక్కాను. బండి నేరుగా వెళ్ళి కుర్చీ కాలికే గుద్దుకుంది.

"ఎడమే నొక్కానే!" అన్నాను.

వదిన కాసేపు నన్నూ బండినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎవరి ఎడమ?"

"ఏంటి?"

"నీ ఎడమా, బండి ఎడమా? అది నీకు ఎదురుగా వస్తోంది కదా. దాని ఎడమ నీకు కుడి."

నేను లేచి, బండి ఎటు చూస్తోందో అటే తిరిగి నిలబడి లెక్క చూసుకున్నాను. వదిన ఒక్కసారిగా పకపకా నవ్వింది. "అంటే నీకూ తెలీదన్నమాట! ఏమండోయ్, మీ చెల్లెలికీ కుడి ఎడమలు తెలీవండోయ్!" అని అన్నయ్యకు వినపడేలా అరిచింది. అన్ని సంవత్సరాల బాకీ ఆ ఒక్క అరుపులో తీర్చుకుంది. నాకు ఒళ్ళు మండింది గాని, ఆ నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చేసింది.

నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, బండిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ అంది. "మా నాన్న ఎప్పుడైనా ఎడమ ఎద్దు, కుడి ఎద్దు అన్నాడేంటి? దాపట, ఎలపట అనేవాడు. దాపటెద్దు నీకు ఎదురుగా వచ్చినా దాపటే, వెనక్కి తిరిగినా దాపటే. చూసేవాడితో దానికి పనిలేదు."

వదిన తండ్రి శివరామయ్య గారిది వేమూరు పక్కన పల్లె. ఆయనకు మంచి ఎడ్లజత ఉండేది. కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటెద్దు అనీ, కుడివైపు కట్టేదాన్ని ఎలపటెద్దు అనీ అంటారు. వదిన చిన్నప్పుడు బండి తొట్టిలో ఆయన మోకాళ్ళ మధ్య కూర్చుని పగ్గాలు పట్టేదట. "దాపట్ని పట్టి, ఎలపట్ని అదిలించు" అని ఆయన చెబితే ఎడమవైపు ఎద్దును ఆపి, కుడివైపుదాన్ని తోలేది. బండి ఎడమకు తిరిగేది. గట్టు మలుపుల్లోనూ, కాలవ వంతెనల దగ్గరా ఆ పిల్ల ఒక్కసారీ తప్పు తిప్పలేదు. తర్వాత ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి. ఆ మాటలూ వాటితో పోయాయి. మిగిలింది కుడి, ఎడమ. ఆ రెండూ మా వదినకు ఎప్పుడూ అంటలేదు.

రెండు మోటార్ల బండి కూడా ఎడ్లబండి లెక్కే. దానికి స్టీరింగు ఉండదు. ఎడమకు తిరగాలంటే ఎడమ చక్రం నెమ్మదించాలి, కుడి చక్రం పరిగెత్తాలి. ఈ మాట భవ్య కాగితంలో చదివినప్పుడల్లా వదినకు బుర్ర తిరిగేది, ఎడమకి పోవడానికి కుడిది పరిగెత్తడమేమిటని. ఎడ్లు అనుకోగానే అందులో అర్థం కానిదేమీ లేకుండా పోయింది. అప్పటికప్పుడు భవ్యకు ఫోన్ చేసింది.

"ఇందులో లెఫ్ట్ మోటారు, రైట్ మోటారు అని రాశారు కదే. ఆ పేర్లు మార్చొచ్చా?"

"పేరు నీ ఇష్టం అమ్మా. దానికి పేరుతో పనిలేదు. నువ్వేం పిలిస్తే అదే దాని పేరు."

ఆ మాటకు వదిన ఎంత సంతోషించిందో చెప్పలేను. ఫోనులో రంగురంగుల బిళ్ళలుంటాయి. ఒక్కో బిళ్ళ ఒక్కో ఆజ్ఞ. ఒకదాని కింద ఒకటి అతికిస్తే బండి వరసగా అవన్నీ చేస్తుంది. ప్రోగ్రాం అంటే అదేనట. వదిన ఇంగ్లీషు అక్షరాల్లోనే ఒక మోటారుకి దాపట, ఇంకోదానికి ఎలపట అని పేర్లు పెట్టింది. ఇక చూడాలి ఆవిడ జోరు. బండి తిన్నగా పొమ్మంటే కొద్దిగా ఎడమకు లాగుతుంటే, "దాపటది బద్ధకం. మా నాన్న దాపటెద్దూ ఇంతే" అని దానికి కాస్త వేగం పెంచింది. తిన్నగా పోయింది. బ్యాటరీలు నీరసించి మలుపు సగంలో ఆగితే, "అలిసిపోయాయి పాపం" అంది. చాప మీద ఒకలా, గచ్చు మీద ఒకలా తిరిగితే, మెత్తని నేలలో బండి తోలినట్టు లెక్కగట్టి సరిచేసింది. ఎక్కడా అన్నం కలపలేదు. నేను కావాలనే కనిపెట్టి చూశాను.

నాలుగు రోజుల తర్వాత భవ్య వచ్చింది. నేను ఇంకా అక్కడే ఉన్నాను, కొట్టు మూసుకుని మరీ. వదిన వంటింటి గుమ్మంలో బండిని పెట్టి, దాని మీద అన్నయ్య కంటిమందు సీసా రబ్బరుబ్యాండుతో కట్టి, ఫోను నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుంది. బండి తిన్నగా వెళ్ళింది, టేబులు చివర దాపటకు తిరిగింది, కొంచెం దూరం పోయి ఎలపటకు తిరిగింది, బుర్రుమంటూ వెళ్ళి అన్నయ్య కుర్చీ ముందు ఆగింది. ఎదురుగా వచ్చింది కనక అన్నయ్యకు కనపడింది.

"ఏంటే ఇది?"

"మందు వేసుకునే వేళయింది. తీసుకోండి" అంది వదిన, అదేదో మామూలు సంగతైనట్టు.

భవ్య ఫోను తీసి ప్రోగ్రాం చూసింది. "దాపట ఏంటమ్మా?" అంది. వదిన చెప్పింది. భవ్య మళ్ళీ మొదటినుంచి చదివి, "మా పిల్లలకిదే చూపిస్తా. ఎవరి ఎడమ అన్న మాట దగ్గరే నా క్లాసంతా తప్పిపోతుంది" అని తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. అన్నయ్య బండిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. సీసా విప్పి కంట్లో చుక్కలు వేసుకుని, తల వెనక్కి వాల్చాడు. బండి ఇంకా ఒళ్ళోనే ఉంది. తర్వాత కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"జయా, జిలానీకి ఫోన్ చెయ్యి."

జిలానీ వచ్చాడు. వదిన అతన్ని కారు దగ్గరే ఆపి, "చూడు నాయనా, ఇకమీదట నాతో లెఫ్టు రైటు అనొద్దు. దాపట, ఎలపట అను" అంది.

"మా తాత జట్కా తోలేవాడమ్మా. జట్కాకి ఒక్కటే గుర్రం. నాకీ మాటలు తెలీవండి" అన్నాడు జిలానీ.

"తెలియకపోతే నేర్చుకో. నేను నీ దగ్గర నేర్చుకోవట్లా?"

పాపం, జిలానీ బాల్‌పెన్నుతో ఎడమ అరచేతిలో దా అనీ, కుడి అరచేతిలో ఎ అనీ రాసుకుని బండెక్కాడు. మొదట్లో రెండుసార్లు అతనే తప్పు చెప్పాడట. వదిన మాత్రం అతను చెప్పినదానికే తిప్పింది. ఓ వారానికి చెరకురసం బండి పక్కనుంచే వెళితే రసంవాడు కదలకుండా నిలబడి గ్లాసు కడుక్కున్నాడట. "అదమ్మా మీకు అసలైన లైసెన్సు" అన్నాడు జిలానీ.

అయినా ప్రభుత్వం వారి లైసెన్సు కావాలిగా. పరీక్ష పెట్టే ఆఫీసరు దాపట అనడు. అందుకని వదిన పప్పు రుబ్బుతూ, బట్టలు ఆరేస్తూ, లెఫ్ట్ దాపట, రైట్ ఎలపట అని పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించింది. పరీక్ష రోజు ఆయన లెఫ్ట్ అన్నప్పుడల్లా పెదవులు కదిపి తనలో తను తర్జుమా చేసుకుని తిప్పిందట. దిగాక ఆయన, "ఏదో మంత్రం చదువుతున్నారేంటమ్మా?" అని అడిగాడట. "మా ఇలవేల్పుదండి" అని చెప్పి వచ్చింది. దసరాకు ముందే లైసెన్సు చేతికొచ్చింది, ఎల్ బోర్డు అవసరం తీరిపోయింది. చీరాల ఆయన ఫోన్ చేస్తే అన్నయ్య, "లేదండి, అమ్మడం లేదు. మా డ్రైవరు ఒప్పుకోవడం లేదు" అన్నాడు. చాలా కాలం తర్వాత ఆ గొంతులో పాత వెటకారం విన్నాను. ప్రాణం లేచొచ్చింది.

దసరా వెళ్ళిన ఆదివారం బాపట్ల ప్రయాణం. వదిన స్టీరింగు ముందు, పక్కన అన్నయ్య, వెనక నేను. నేను ఎందుకంటే, ఏదైనా అయితే ముగ్గురం కలిసే పోదామని. తెనాలి దాటి పొన్నూరు రోడ్డెక్కాక రెండువైపులా వరి పొట్టమీద ఉంది. అన్నయ్యకు అటూ ఇటూ కనపడదు గనక నేను చెబుతూ వచ్చాను. ఇక్కడ పైరు బాగుంది, ఇక్కడ నీళ్ళు నిలిచాయి, ఇక్కడెవరో కొత్త ఇల్లు కట్టారు. "ఎవరి పొలమది? ఏం విత్తనం వేశాడో" అంటూ సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాడు. కుర్చీలో కూలబడిన మనిషి కాదు ఇతను. వదిన ముక్కు మీద చెమటతో, దారిలో ఆటోలనూ గేదెలనూ అన్నిటినీ గౌరవిస్తూ నడిపింది.

బాపట్ల ఊళ్ళోకి వచ్చేదాకా బాగానే వచ్చాం. భవ్య కొత్తగా ఇల్లు మారింది. ఫోను దారి చెబుతోంది. సంత రోజో ఏమో, రోడ్డంతా జనం. ముందు తోపుడు బండి, వెనక బస్సు, ఆ బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. సరిగ్గా నాలుగు వీధుల కూడలిలో ఫోనులో ఆవిడ ఇంగ్లీషులో "టర్న్ లెఫ్ట్" అంది. వదిన పెదవులు కదిలాయి గాని, మాట రాలేదు. ఇంకోసారి "టర్న్ లెఫ్ట్". వెనక హారన్. వదిన చెయ్యి స్టీరింగు మీదనుంచి లేచింది. వేళ్ళు గాలిలో ఆడాయి. అన్నం కలపడం మొదలైంది.

నేను "లెఫ్ట్, వదినా, లెఫ్ట్" అని అరవబోయాను. అంతకుముందే అన్నయ్య గొంతు వినపడింది. నెమ్మదిగా, ఎవరికీ తొందర లేనట్టు.

"దాపటకి, జయా. దాపట్ని పట్టి, ఎలపట్ని అదిలించు."

ఆ పక్కన ఏముందో అతనికి కనపడదు. వీధి ఉందో గోడ ఉందో కూడా తెలియదు. వదిన చెయ్యి స్టీరింగు మీదికి వచ్చింది. కారు ఒక్క తూలు లేకుండా దాపట వీధిలోకి తిరిగింది. బస్సువాడు ఏదో తిట్టుకుంటూ తిన్నగా పోయాడు. పెళ్ళయిన నాటినుంచి నలుగురిలో కుడిచెయ్యి ఏదని అడిగిన మనిషి, ఆ మాట నేర్చుకుని ఎప్పుడు గుర్తు పెట్టుకున్నాడో నాకు తెలియదు. నేను వెనకసీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అద్దంలో వదిన నన్ను చూసింది. "ఏడవకే, నాకు దారి కనపడదు" అంది. తన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

భవ్య గేటు తీసి ఎదురొచ్చింది. వదిన కారాపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి అన్నయ్య వైపు తలుపు తీసింది. అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కూతురి కొత్తింటి గడప ముందు ఇద్దరూ ఒక్క క్షణం ఆగి, కలిసి లోపలికి వెళ్ళారు. వదిన ఏ కాలు ముందు పెట్టిందో మాలో ఎవరమూ చూడలేదు.